యుద్ధవిమానం మోడల్‌కి ఇంజను ఎంపిక
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక కాలక్షేపం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నా కాలక్షేపం రేడియో కంట్రోల్ విమానాలు. అందులోనూ వార్‌బర్డ్‌లు, అంటే పాత యుద్ధవిమానాల మోడళ్ళు. వాటికి ఇంజను, సామాను ఎలా ఎంచుకోవాలో చెబుతాను. నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పక తప్పదు.

నేను ఖరిదా కుర్రాణ్ణి. నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్లు కలైకుండా మీద దాడి చేసినప్పుడు నాకు పదేళ్ళు. ఆల్ఫ్రెడ్ కుక్, మమ్‌గైన్ అనే మన పైలట్లు హంటర్లతో వాటిని తరిమారు. డాబా మీంచి మాకు కనబడింది తక్కువ, వినబడింది ఎక్కువ. ఆ మోతే నన్ను ఎయిర్‌ఫోర్సులోకి లాక్కెళ్ళింది. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేరాను.

రిటైరయ్యాక మొదట హంటరే చేద్దామనుకున్నాను. కానీ జెట్ మోడల్‌కి డక్టెడ్ ఫ్యానో, చిన్న టర్బైనో కావాలి, నున్నటి రన్‌వే కావాలి. గడ్డి మైదానంలో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. అందుకని స్పిట్‌ఫైర్ మొదలెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

స్పిట్‌ఫైర్‌కి ముక్కు పొట్టి. తోక బరువుని ముందు బరువు తూచాలి. నేనేమో బరువు తగ్గుతుందని 46 సైజు టూ-స్ట్రోక్ ఇంజను, అంటే ఏడున్నర సీసీది, పెట్టాను. ఇంజను దగ్గర రెండు వందల గ్రాములు మిగిలాయని మురిసిపోయాను. తీరా బ్యాలెన్సు చూస్తే తోక కిందికి పోతోంది. నాలుగు వందల గ్రాముల సీసం ముక్కులో పోశాను. సీసం రెక్కని లేపదు, ప్రొపెల్లర్ని తిప్పదు. అప్పటికీ బ్యాలెన్సు పూర్తిగా ముందుకి రాలేదు. "ఎగిరితే తెలుస్తుందిలే" అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఫారం 700 మీద సంతకాలు పెట్టినవాణ్ణి, సొంత విమానానికి సంతకం పెట్టకుండా వదిలేశాను.

మా అబ్బాయి ఉండే బెంగుళూరులో, శివార్లలోని మైదానంలో ఎగరేశాను. బలం చాలని ఇంజనుతో ఏటవాలుగా ఎక్కుతూ మలుపు తిప్పాను. వేగం పడిపోయింది, ఒక రెక్క వాలింది, గిర్రున తిరిగి కింద పడింది. పడిన చోటికి పదిహేను అడుగుల దూరంలో ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. మూడు కిలోల బరువు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత మొదలెట్టింది హరికేన్. 1944లో ఇంఫాల్‌లో మన నంబర్ వన్ స్క్వాడ్రన్, అర్జన్ సింగ్ గారి నాయకత్వంలో నడిపిన విమానం. ఇంకో కారణం కూడా ఉంది. స్పిట్‌ఫైర్ చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, దిగేటప్పుడు పక్కకి ఒరుగుతుంది. హరికేన్ కాళ్ళు ఎడంగా ఉంటాయి. అసలు రెక్కల నిడివి 40 అడుగులు, ఎనిమిదో వంతు స్కేల్లో 5 అడుగులు. కారులో పడుతుంది.

ఈసారి ముందు తూకం వేసి, ఇంజను తర్వాత కొన్నాను. 61 టూ-స్ట్రోక్ (10 సీసీ) సరిపోతుంది. కానీ అది 11, 12 అంగుళాల ప్రొపెల్లర్ని జోరుగా తిప్పుతుంది, శబ్దం కందిరీగలా ఉంటుంది. 91 ఫోర్-స్ట్రోక్ (15 సీసీ) 14 అంగుళాలది నింపాదిగా తిప్పుతుంది. పెద్ద ప్రొపెల్లర్ బరువైన విమానాన్ని బాగా లాగుతుంది. టెంపెస్ట్ టూ లాంటి లావు ముక్కు విమానాలకైతే చిన్న ప్రొపెల్లర్ సగం కౌలింగ్ వెనకే దాక్కుంటుంది. పైగా ఆ ఇంజను బరువే సీసం పని చేస్తుంది. నేను ఫోర్-స్ట్రోకే కొన్నాను, సీసం చిటికెడు సరిపోయింది.

కొత్తగా మొదలెట్టే వాళ్ళకి మాత్రం కరెంటు మోటారే మేలని చెబుతాను. మెథనాల్, ఆముదం కలిపిన ఇంధనం దొరకడం కష్టం. దాన్ని రైల్లో తీసుకెళ్ళడం నేరం, రైల్వే వాడి కొడుకుగా ఆ పని చేయలేను. మూడుంపావు కిలోల హరికేన్‌కి 900 వాట్లు చాలు. అంటే 5 సెల్‌ల లిపో బ్యాటరీ, 50 ఆంపియర్లు, 80 ఆంపియర్ల కంట్రోలర్. బ్యాటరీని ముందుకి వెనక్కి జరిపి బ్యాలెన్సు చేసుకోవచ్చు. కాకపోతే ఆ ఫోర్-స్ట్రోక్ చప్పుడు రాదు. నా చాదస్తం నాది.

మిగతా సామాను టూకీగా. కౌలింగ్‌లోకి గాలి వచ్చే దారి కన్నా పోయే దారి పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఇంజను కాగిపోతుంది. ఎలివేటర్‌కి మెటల్ గేర్ల సర్వో పెట్టండి. ప్రతి క్లెవిస్‌కి రబ్బరు గొట్టం ముక్క తొడగండి. అది మన లాకింగ్ వైరు లాంటిది. బ్యాలెన్సు చూసేటప్పుడు ట్యాంకు ఖాళీగా, చక్రాలు మడిచి ఉండాలి. హరికేన్ చక్రాలు మడిచినప్పుడు కాస్త వెనక్కి పోతాయి కదా. రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి 25, 30 శాతం మధ్య నిలవాలి.

ఖరిదాలో ఎగరేస్తావా అని అడుగుతుంటారు. పక్కనే కలైకుండా. 2021 డ్రోన్ నియమాల ప్రకారం మోడల్ విమానాలకీ ఆకాశం హద్దులున్నాయి. ఇంట్లో కట్టడం వరకే. ఎగరేసేది బెంగుళూరులోనే, జనం నిలబడే గీతకి ఇవతల.

హరికేన్ ఆ పక్క బల్ల మీద ఉంది. రెక్క కింద అతికించిన కాయితం మీద తూకం, బ్యాలెన్సు, తేదీ, నా సంతకం ఉంటాయి. చూడండి, ప్రశ్నలుంటే అడగండి. తోక పట్టుకుని మాత్రం ఎత్తకండి.