ఏది ముందైతే అది

గౌరవనీయులైన ఉపకులపతి గారికి, ఆచార్యులకు, పొద్దుటి నుంచీ ఆ నల్లగౌన్లలో ఉక్కిపోతున్న న్యాయశాస్త్ర పట్టభద్రులకు, మీకన్నా ఆత్రంగా వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు నమస్కారం.

మీకు తెలిసిన కేసే మళ్ళీ విప్పుతాను. ఎయిరిండియా వర్సెస్ నర్గేష్ మీర్జా, 1981. పధ్నాలుగో అధికరణం కింద షార్ట్ నోట్ రాసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయి ఉంటారు. నేనూ అంతే. చాలా ఏళ్ళ తర్వాత, నా కేసు పిలుపు రాక బార్ లైబ్రరీలో కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆ తీర్పు మొత్తం చదివాను. నేను ఆగిపోయింది తీర్పు దగ్గర కాదు, అందులో ఉటంకించిన ఎయిరిండియా సర్వీసు నిబంధన దగ్గర. 46వ నిబంధన.

ఎయిర్ హోస్టెస్ 35వ ఏట రిటైర్ కావాలి. లేదా చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే అప్పుడు. లేదా మొదటిసారి గర్భం దాల్చితే అప్పుడు. ఏది ముందైతే అది.

ఈ మాట మనం స్కూటర్ వారంటీ కార్డు మీద చూస్తుంటాం. ఇన్నేళ్ళు, లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇక్కడ మనిషికి రాశారు. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్‌కు మాత్రం 58 ఏళ్ళు. ఆయన పెళ్ళెప్పుడు చేసుకున్నాడో, పిల్లలెందరో నిబంధనలు అడగలేదు.

ఈ రాత మన దగ్గరే పుట్టింది కాదు. 1930లో అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు తొలి స్టీవార్డెస్‌గా విమానం ఎక్కినప్పటి నుంచీ ఆ కొలువు పెళ్ళికాని ఆడపిల్లలదే. 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది. మరుసటి ఏడు దాని అమలు కోసం ఏర్పడ్డ కమిషన్ తలుపు తెరవగానే ఫిర్యాదులు పట్టుకెళ్ళిన తొలి వాళ్ళలో స్టీవార్డెస్‌లు ఉన్నారు. 1971లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పెళ్ళి నిషేధం అక్కడి అప్పీలు కోర్టులో చెల్లలేదు. అదే ఏడు ఇంకో కేసు, నాకు మరీ ఇష్టమైనది. ఈసారి వాది మగవాడు. ఆ కొలువుకు మగవాళ్ళను తీసుకోనంది పాన్యామ్ విమాన సంస్థ. ప్రయాణికుల్ని సముదాయించడం ఆడవాళ్ళకే బాగా చేతనవునని దాని వాదన. విమాన సంస్థ అసలు పని మనుషుల్ని క్షేమంగా చేర్చడం, సముదాయింపు ఆ తర్వాతి సంగతి అంది కోర్టు. పదిహేనేళ్ళకు, 1986 సెప్టెంబర్ 5న, కరాచీలో హైజాకర్లు ఎక్కింది ఆ పాన్యామ్ విమానమే. పైలట్లను హెచ్చరించి, అమెరికన్ల పాస్‌పోర్టులు దాచి, తలుపు తెరిచి ప్రయాణికుల్ని బయటికి పంపి, తూటాలకు బలైన ఎయిర్ హోస్టెస్ నీర్జా భనోత్‌కు 22 ఏళ్ళు.

మన తీర్పుకొద్దాం. గర్భం షరతును ధర్మాసనం కొట్టేసింది. అది భారత స్త్రీత్వానికే అవమానమని ఘాటుగానే అంది. వయసు పొడిగింపును ఏటేటా మేనేజింగ్ డైరెక్టర్ దయకు వదిలేయడమూ చెల్లదంది. దాంతో 45 దాకా దారి తెరుచుకుంది. కానీ నాలుగేళ్ళ పెళ్ళి షరతు నిలిచింది. 19వ ఏట చేరిన అమ్మాయి 23 దాకా ఆగితే ఆరోగ్యానికి మంచిది, కుటుంబ నియంత్రణకూ తోడ్పడుతుందట! మగ పర్సర్ల మీద ఆ జాతీయ బాధ్యత ఎందుకు పెట్టలేదో తీర్పులో వెతికాను. దొరకలేదు.

ఇందుకు ఆసరా అయింది రాజ్యాంగంలోని ఒక్క మాట: ‘మాత్రమే’. స్త్రీ అయినందుకు మాత్రమే వివక్ష చూపితే తప్పు. స్త్రీ కావడంతో పాటు ఇంకో కారణం కలిస్తే తప్పు కాదు. నియామకం, సర్వీసు షరతులు వేరు కావడం ఆ ఇంకో కారణం. తర్కం అంత సులువుగా కుదిరింది.

కాబట్టి గెలిచిన కేసుగా చదవకండి. సగం ఓడిన కేసు అది. మిగతా సగం కోసం ఆ ఆడవాళ్ళు అర్జీలు పెడుతూ, ప్రభుత్వాల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. 1989లో ప్రభుత్వ ఆదేశంతో రిటైర్మెంట్ 58కి చేరింది. గాలిలో పని సంగతి వేరు. 50 దాటితే నేల మీదికి దింపెయ్యొచ్చని 2003లో సుప్రీంకోర్టు అంది. అక్కడ వాళ్ళకు ఎదురు నిలిచిన అప్పీలుదారుల్లో క్యాబిన్ సిబ్బంది సొంత సంఘమూ ఉంది. ఎయిర్ హోస్టెస్‌లలోనే ఒక వర్గం 50కే దిగిపోవడం మేలనుకుంది. పోరాటాల్లో ఇవి ఉంటాయి, పాఠ్యపుస్తకాలు వీటిని దాటేస్తాయి. క్యాబిన్‌లో సూపర్‌వైజర్ పదవి 2005 దాకా మగవాళ్ళదే. అది ఆడవాళ్ళకూ తెరిస్తే మగ సహోద్యోగులు కోర్టుకెక్కారు, 2011 నవంబర్‌లో సుప్రీంకోర్టు వాళ్ళ మాట కాదంది. ‘మాత్రమే’ను అలా చదవడం సరికాదని, స్వలింగ సంబంధాల మీది నవ్‌తేజ్ జోహర్ కేసులో జస్టిస్ చంద్రచూడ్ రాసింది 2018లో. ముప్పయి ఏడేళ్ళు పట్టింది.

మీలో చాలామంది కంపెనీల లీగల్ విభాగాల్లో చేరుతున్నారని ఆచార్యులు చెప్పారు. సర్వీసు నిబంధనల ముసాయిదాలు మీ బల్ల మీదికే వస్తాయి. 46వ నిబంధన రాసిందెవరో తీర్పులో ఎక్కడా లేదు. భాష మాత్రం శుభ్రంగా ఉంది, కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి. బాగా చదువుకున్న మనిషే. ఎప్పుడో ఒకనాడు ఇలాంటి గౌనే వేసుకుని, ఇలాంటి కుర్చీలోనే, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తూ కూర్చునే ఉంటారు.