ఉండటమా, చెయ్యటమా? హన్నా పిట్కిన్ అడిగిన ప్రశ్న



చట్టసభల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించి మాట్లాడమన్నారు. అంకెలతో మొదలుపెడతానని అనుకుంటూ ఉండొచ్చు. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి 74 మంది స్త్రీలు. 2023లో చేసిన మూడోవంతు రిజర్వేషన్ చట్టాన్ని జనగణనకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు కాబట్టి ఆ ఎన్నికలు అది లేకుండానే జరిగాయి. చాలా ఏళ్ళు నా పరిశోధన కూడా ఇలా లెక్కపెట్టటమే. ఆ లెక్క దేనికని నన్ను నిలదీసిన ఒక రాజనీతి శాస్త్రవేత్త గురించి ఇవాళ చెబుతాను.

హన్నా పిట్కిన్ 1931లో బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి ఓటో ఫెనికెల్ పేరున్న మనోవిశ్లేషకుడు, యూదుడు, మార్క్సిస్టు. నాజీల వల్ల ఆ కుటుంబం ఓస్లో, ప్రాగ్ మీదుగా 1938లో అమెరికా చేరింది. 1933లో జర్మన్ పార్లమెంటే ఓటు వేసి తన అధికారాన్ని హిట్లర్ చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల తర్వాత ప్రాతినిధ్యం అంటే ఏమిటని అడగటం కాకతాళీయం కాదనిపిస్తుంది. ఇది నా ఊహే.

బర్కిలీలో 1961లో డాక్టరేట్ పూర్తిచేసి ఎక్కువ కాలం అక్కడే పాఠాలు చెప్పారు. 1967లో వచ్చిన 'ద కాన్సెప్ట్ ఆఫ్ రిప్రెజెంటేషన్' ఈనాటికీ ఈ విషయం చదివేవాళ్ళు దాటిపోలేని పుస్తకం. జనం ఆ మాటని ఎన్ని రకాలుగా వాడతారో ఓపిగ్గా విప్పి చూపించారు. ఓటుతో అధికారం ఇవ్వటం ఒకటి. తర్వాత లెక్క అడగటం ఒకటి. మనలాంటివాళ్ళు సభలో ఉండటం ఇంకొకటి. జెండాలాగా గుర్తుగా నిలబడటం మరొకటి. వీటిలో ఏదీ చాలదంటారు ఆమె. ప్రజల ప్రయోజనం కోసం, వాళ్ళ మాటకి స్పందిస్తూ పని చెయ్యాలి. మనలాగా ఉన్నంత మాత్రాన మన కోసం చేస్తారని లేదు.

మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ పుస్తకంలో స్త్రీల ప్రసక్తి దాదాపు లేదు. మన ప్రయోజనం ఏదో ఎవరు తేలుస్తారు, మనం గదిలో లేకపోతే? 1995లో యాన్ ఫిలిప్స్ వంటి స్త్రీవాదులు పిట్కిన్‌తో తగువు పడింది ఇక్కడే. పిట్కిన్ కూడా 1984లో మాకియవెల్లీ మీద రాసిన పుస్తకంలో, రాజకీయాన్ని మగతనంగా చూసే ఆలోచనని బాగా తవ్వారు.

2013 పంచాయతీ ఎన్నికల తర్వాత నల్లగొండ జిల్లాలో ఒక దళిత మహిళా సర్పంచ్‌ని కలిశాను. నేనడిగిన ప్రతిదానికీ భర్త జవాబు చెప్పాడు. నోట్‌బుక్‌లో 'నామమాత్రం' అని రాసుకున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక్కతే ఉంది. "మా వాడల బోరు పడేదాక వాళ్ళ కాయితాల మీద సంతకం పెట్టలే మేడమ్," అంది. మూడు నెలలు ఆపిందట. భర్తకి కూడా ఆ సంగతి తర్వాతే తెలిసింది. నా నోట్‌బుక్‌లో ఆ మాట కొట్టేశాను.

2003లో స్వీడన్‌వాళ్ళు యోహాన్ స్కుట్టె బహుమతి ఇచ్చినప్పుడు పిట్కిన్ తన పాత పుస్తకాన్నే ప్రశ్నించారు. ఆ రోజుల్లో ప్రాతినిధ్యమూ ప్రజాస్వామ్యమూ ఒకటేననుకున్నాననీ, ప్రతినిధులు పాలించటమే మిగిలి ప్రజలు పాలుపంచుకోవటం పోయిందనీ ఆమె బాధ. 2023లో ఆమె చనిపోయారు.

ఆ సర్పంచ్‌ని నేను అడిగాను, "బోరు సంగతి ఎవరెవరితో మాట్లాడినవమ్మా?" అని.

"ఎవ్వరినీ అడగలే. నీళ్ళు మోసేది నేనే గద."

పిట్కిన్ అయితే వెంటనే, పక్క వాడలో నీళ్ళు మోసే ఆడవాళ్ళ మాటేమిటని అడిగేవారు. నేను ఆ రోజు అడగలేదు.