ముందు మీ మాస్కు, తర్వాత పిల్లది



ఇవాళ మనం విమానం గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. మన మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది. 1981లో అక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ నడపడానికి 2025లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అయితే అది తెరిచేదాకా మనవాళ్ళు ఆగారా? దుబాయికి, కువైట్‌కు పనికి పోయే ఆడవాళ్ళు ఉన్నారు. అమెరికాలో కోడలి కాన్పుకు పోయే అత్తలు ఉన్నారు. అందరూ శంషాబాద్ పోయి ఎక్కుతున్నారు.

విమానం లేవకముందు ఒక అమ్మాయి నిలబడి పసుపు రంగు మాస్కు చూపిస్తది. ఇంగ్లీషులోనో హిందీలోనో ఏదో చెప్తది. చాలామందికి అర్థం కాదు. అర్థమయ్యేవాళ్ళు ఫోను చూసుకుంటుంటారు. ఆ అమ్మాయి ఏం చెప్తున్నదో మనం తెలుగులో చెప్పుకుందాం.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ పేరు మీరు వినే ఉంటారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ శిఖరం ఎత్తు 29 వేల అడుగులు. పెద్ద విమానాలు అంతకన్నా పైన, 35 వేల అడుగుల ఎత్తున కూడా పోతాయి. పైకి పోయిన కొద్దీ గాలి పలుచబడుతుంది. ఇక్కడ నాలుగు పాళ్ళు గాలి ఉంటే అక్కడ ఒక్క పాలే. కొండ ఎక్కేవాళ్ళు వారాల తరబడి ఆగుతూ, ఒంటికి అలవాటు చేసుకుంటూ పోతారు. విమానంలో మనకు ఆ అలవాటు ఎక్కడిది?

అయినా లోపల హాయిగా కూర్చుంటాం. ఎట్లా? చాలా విమానాల్లో ఇంజన్లే బయటి గాలిని పీల్చి, నొక్కి, లోపలికి పంపుతాయి. వెనుక వైపున ఒక చిన్న తలుపు ఉంటది. అది కొంచెం కొంచెం గాలిని బయటికి వదులుతుంది. పైన నల్లా వదిలి, కింద తూము కొద్దిగా తెరిచిన నీళ్ళ తొట్టి తీరు అన్నమాట. నల్లా ఆగినా, తొట్టి పగిలినా నీళ్ళు పోతాయి. విమానంలో గాలి కూడా అంతే.

మన దేశంలోనే ఇట్లా జరిగింది. 2018 సెప్టెంబరు 20న ముంబై నుంచి జైపూర్‌కు జెట్ ఎయిర్‌వేస్ విమానం బయలుదేరింది. అందులో 166 మంది ప్రయాణికులు. ఇంజను గాలిని లోపలికి పంపే స్విచ్ పైలట్లు వేయలేదు. విమానం పైకి పోతుంటే లోపల గాలి తగ్గింది. మాస్కులు కిందికి వేలాడాయి. దాదాపు 30 మంది ఇబ్బంది పడ్డారు. కొందరికి ముక్కు నుంచి, చెవుల నుంచి రక్తం వచ్చింది. విమానాన్ని వెనక్కి తిప్పి ముంబైలో దింపారు. అందరూ ప్రాణాలతో దిగారు.

అందరికీ ఆ అదృష్టం దొరకలేదు. 2005 ఆగస్టు 14న సైప్రస్ దేశం నుంచి గ్రీసు దేశానికి హీలియోస్ కంపెనీ విమానం పోతున్నది. నేల మీద పరీక్ష చేసినప్పుడు గాలి యంత్రం స్విచ్ మార్చి, అట్లాగే వదిలేశారు. పైలట్లు చూడలేదు. పైన ప్రమాద గంట మోగింది. అది వేరే గంట అనుకున్నారు. ప్రయాణికుల ముందు మాస్కులు పడ్డాయి. పైలట్లు మాత్రం తమ మాస్కు పెట్టుకోలేదు. స్పృహ తప్పారు. విమానం తనంతట తాను తిరిగి తిరిగి, నూనె అయిపోయి కొండల్లో కూలింది. 121 మంది చనిపోయారు.

చదువుకున్న పైలట్లకు ఆ మాత్రం తెలియలేదా అని అడగొచ్చు. గాలి తక్కువైన మనిషికి ఆ సంగతి తెలియదు, అదే చిక్కు. ముందు పోయేది ఊపిరి కాదు, తెలివి. కల్లు ఎక్కువైనవాడు నేను తాగలేదు అంటాడు కదా, అట్లా. బాగానే ఉన్నాననిపిస్తది. గోళ్ళు నీలంగా మారుతుంటాయి.

35 వేల అడుగుల ఎత్తున మనకు తెలివి నిలిచేది అర నిమిషం నుంచి ఒక్క నిమిషం. గాలి ఒక్కసారిగా పోతే ఇంకా తక్కువ. ఇక్కడే మన ఆడవాళ్ళకు కష్టం. మనం ఇంట్లో అందరికీ వడ్డించి చివరికి తినేవాళ్ళం. పక్కన పిల్ల ఏడుస్తుంటే మాస్కు ముందు నా ముక్కుకా? చెయ్యి రాదు. కానీ పిల్ల పెనుగులాడుతుంది, తల తిప్పుతుంది. ఆ గుంజులాటలో అర నిమిషం పోతే మీరు ఒరిగిపోతారు. ఇక పిల్లకు మాస్కు పెట్టేది ఎవరు? మీరు ముందు పెట్టుకుంటే, పిల్ల కొన్ని క్షణాలు సొమ్మసిల్లినా మీరు పెట్టగలరు. పిల్ల తేరుకుంటుంది. ఇది స్వార్థం కాదు. పైలట్లకు నేర్పేది కూడా ఇదే: ముందు తమ మాస్కు, తర్వాతే విమానం పని.

మాస్కు పడగానే గట్టిగా మీ వైపు లాగండి. చాలా విమానాల్లో లాగితేనే ప్రాణవాయువు మొదలవుతుంది. ముక్కూ నోరూ రెండూ మూయాలి. కరోనాలో కొందరు పెట్టినట్టు గదవ కిందికి కాదు! సంచి ఉబ్బకపోయినా భయపడొద్దు, గాలి వస్తూనే ఉంటది. కాలిన వాసన రావచ్చు. పైన డబ్బాలో ప్రాణవాయువు తయారవుతూ వేడెక్కుతుంది, అందుకు ఆ వాసన.

ఆ ప్రాణవాయువు 12 నిమిషాలో, కొంచెం ఎక్కువో వస్తది. అంతేనా అని గుండె జారనీయొద్దు. ఈలోపు పైలటు విమానాన్ని వేగంగా కిందికి దింపుతాడు. ముక్కు కిందికి వంగుతుంది. రెక్కల మీద పలకలు లేస్తాయి. విమానం గడగడ వణుకుతుంది. లోపల పొగమంచు కమ్మొచ్చు, చలి పెట్టొచ్చు. కూలిపోతున్నామని అందరూ కేకలు పెడతారు. కానీ అది కూలడం కాదు, దిగడం. 10 వేల అడుగుల దగ్గర మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. అక్కడికి దిగడానికి ఐదు నిమిషాలు, అటూ ఇటూ. అక్కడ విమానం మళ్ళీ సమంగా నడుస్తది. తర్వాత దగ్గరి ఊళ్ళో దింపుతారు.

అందాకా బెల్టు విప్పొద్దు, లేవొద్దు. సిబ్బంది చెప్పేదాకా మాస్కు తీయొద్దు. ఒళ్ళో చంటిపిల్ల ఉంటే దానికీ మాస్కు దొరుకుతుంది. సాధారణంగా సీట్ల కన్నా ఒకటి ఎక్కువే వేలాడుతుంది. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. గుటకలు మింగండి. మాస్కులు తీయమన్నాక చంటిపిల్లకు పాలివ్వండి. మింగుతుంటే దాని చెవులూ తెరుచుకుంటాయి.