యొర్దానులో ఏడు మునకలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దేవుని ఎదుట విధేయత, తగ్గింపు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను పాస్టరును కాను, ఇంజనీరును. వాక్యోపదేశం చేసే అర్హత నాకు లేదు. మన బడిలో విన్న ఒక కథ, నేను చేసిన ఒక తప్పు, ఈ రెండే చెప్పగలను.

మాస్టారు చెప్పిన నయమాను కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాజుల రెండవ గ్రంథం, 5వ అధ్యాయం. నయమాను సిరియా సేనాధిపతి, కానీ కుష్ఠురోగి. ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల అతని ఇంట్లో పనిచేస్తోంది. సమరయలో ప్రవక్త ఉన్నాడని చెప్పింది ఆ పిల్లే. వెండి, బంగారం, పది జతల బట్టలు, రాజుగారి ఉత్తరం పట్టుకుని సేనాధిపతి బయలుదేరాడు. రథాలు వెళ్లి గుమ్మం ముందు నిలబడినా ఎలీషా బయటికి రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని మనిషి చేత కబురంపాడు. నయమానుకు ఒళ్లు మండింది. మా దమస్కు నదులు అబానా, ఫర్పరు ఇంతకంటే మంచివి కావా అన్నాడు.

నీళ్ల లెక్క చూస్తే ఆయన అన్నది మరీ తప్పేమీ కాదు. అబానా అంటే నేటి బరదా నది అంటారు. దమస్కు చుట్టూ తోటలు పెరిగింది దాని నీళ్లతోనే. మన గోదావరిని చూసిన కంటికి యొర్దాను ఒక పెద్ద కాలువలా ఉంటుంది. కానీ అక్కడ పేచీ నీళ్ల గురించి కాదు. ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి కదా అని పనివాళ్లు నచ్చజెబితే గానీ ఆయన నదిలోకి దిగలేదు. మొదట బానిస పిల్ల, చివర నౌకర్లు. దారి చూపింది వాళ్లే. బడిలో ఈ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. పరీక్షలో నదుల పేర్లు మాత్రం సరిగ్గా రాశాను.

1993లో నాకు ఉద్యోగం కొత్త. ఒక భవనానికి స్లాబు వేయాలి. కింద నింపుడు మట్టి, ముందురోజు రాత్రి వాన. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "సార్, నేల మెత్తగా ఉంది. బాదుల కింద పలకలు వేసి రెండ్రోజులు ఆగుదాం" అన్నాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద, సంతకం చేయడం రాదు. నువ్వు నాకు చెప్పేవాడివా అన్నాను. మధ్యాహ్నానికి సెంట్రింగ్ ఒక మూల కుంగి, ఆ భాగం కూలింది. ఒక కూలీకి కాలు విరిగింది. రిపోర్టులో నేను రాసింది ఏమిటంటే, మేస్త్రీ బాదులు సరిగ్గా నిలబెట్టలేదని. అతన్ని పనిలోంచి తీసేశారు.

దేవుణ్ణి క్షమించమని ఎన్ని రాత్రులు ప్రార్థించానో లెక్కలేదు. చర్చిలో కానుకలు కూడా వేశాను. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట చదివిన ప్రతిసారీ పేజీ తిప్పేసేవాణ్ణి. దేవుని ముందు మోకరిస్తే చూసేవాళ్లు ఉండరు. మేస్త్రీ గుమ్మం ముందు నిలబడాలంటే వీధంతా చూస్తుంది. నా అబానా, ఫర్పరు ఆ ప్రార్థనలే.

పదకొండేళ్లకు వెళ్లాను. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆ కాగితం ఇంకా ఆఫీసులో ఉందా సార్?"

ఉందన్నాను. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్లాను గానీ, ఆ కాగితం సంగతి ఆలోచించుకుని వెళ్లలేదు. ఇంటికి వచ్చి, ఆనాటి నిర్ణయం నాదేనని, మేస్త్రీ ముందే హెచ్చరించాడని రాసి, సంతకం పెట్టి ఆఫీసుకు పంపాను. ఉద్యోగం పోలేదు గానీ ప్రమోషన్ ఆగింది. అది ఆగవలసిందే.

నకలు ఒకటి పట్టుకెళ్లి ఆయనకిచ్చాను. చదవడం రాదు కదా, మనవరాల్ని పిలిచాడు. ఆ పిల్ల కూడబలుక్కుంటూ చదివింది. ఆయన రెండోసారి చదివించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.