విశ్వవిద్యాలయ విద్య – మన సంఘ కర్తవ్యము
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఉన్నతవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. మన సభలలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల, వెనుకబడిన తరగతుల వాటా హెచ్చింపవలయునను తీర్మానముతో ముగియుట వాడుక. నేడు నేను ఆ వాటా మనలో ఎవరికి చేరుచున్నదను సంగతి విన్నవించెదను.

ఈ వాటా యూరక వచ్చినది కాదు. పూర్వము చెన్నరాష్ట్రమున వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రతి 14 సీట్లలో వెనుకబడిన హిందువులకు 2 సీట్లు కేటాయించిన కమ్యూనల్ జీ.వో.ను 1951లో సుప్రీముకోర్టు చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున కొట్టివేసెను. ఆ యేటనే రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి 15వ అధికరణమున 4వ ఖండము చేరెను. ఆంధ్రప్రదేశమున అనంతరామన్ సంఘము నివేదికపై 1970లో నూటికి 25 సీట్లు నాలుగు వర్గములకు పంచబడెను; 1972లో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. కేంద్ర విద్యాలయములలో 27 పాళ్లు 2006 నాటి చట్టముచే గాని రాలేదు. 2008లో కోర్టు దాని నంగీకరించుచు, సంపన్నశ్రేణిని మాత్రము మినహాయింపుమనెను.

ఈ మినహాయింపు మనలో పలువురకు రుచింపలేదు. నాకది న్యాయముగనే తోచుచున్నది. 2017లో దాని ఆదాయపు హద్దు ఏటికి 8 లక్షల రూపాయలుగా నిర్ణయింపబడెను. అందు జీతమును, సేద్యపు రాబడియు లెక్కకు రావు. ఇంత వెసులుబాటుండియు తప్పుడు ఆదాయపత్రములకై కచేరీ మెట్లెక్కువారు మనలో లేరా? వారి బిడ్డ గైకొన్న సీటు పొరుగు కులమువానిది కాదు. మన కూలివాని బిడ్డది.

సీటు దొరికినంతమాత్రమున చదువు సాగదు. 2008 మొదలు ఆంధ్రప్రదేశమున మన పేదబిడ్డల బోధనారుసుమును ప్రభుత్వము భరించుట మొదలయ్యెను. దానివలన ఎందరో ఇంజనీర్లైరి, కాదనరాదు. కాని ఆ సొమ్ము సకాలమున చేరనిచో కళాశాలవారు ధ్రువపత్రముల నట్టిపెట్టుకొందురు. బాకీపడినది ప్రభుత్వము, చిక్కుపడినది బాలుడు. పరీక్ష నెగ్గియు, పై చదువుల కౌన్సెలింగునకు చూపుటకు కాగితము లేక ఇంట కూర్చున్న పిల్లలు ఈ సభలోనే యున్నారు. ఇక బాలికల మాట. పట్నమున భద్రమైన బస లేనిచో, తల్లిదండ్రులు వచ్చిన సీటునే వదలుకొందురు.

మన సంఘము కల్యాణమండపమునకై చందాలు వసూలు చేయుచున్నది. మండపము వలదనను. అయినను ముందు బాలికావసతిగృహము, పిదప మండపము కావలెనని నా మనవి. ధ్రువపత్రములు విడిపించుకొనుటకు వడ్డీ లేని అప్పిచ్చు చిన్ననిధి యొకటి, రుసుము రాగానే తిరిగి చెల్లించు షరతుతో, ఈ యేడే మొదలిడవచ్చును. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి వసతిగృహమున ఇతర కులముల విద్యార్థులకును చోటుండెను. మన గృహమునను కొన్ని గదులట్లే యుంచవలయును.

ఈ విషయమును తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారి కొసగితిని. మధ్యాహ్నపు సభలో చర్చకు వచ్చును. మండపమునకు చందా యిచ్చినవారే మొదట మాటాడవలయునని ప్రార్థించుచున్నాను.