నిద్రపట్టనివారికి మూలికలు
(ఉపన్యాస పాఠము)



ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని పెద్దల వాడుక. పగలంతయు నాగలి పట్టినవానికి గట్టుమీదనైనను కన్ను మూతపడును. అప్పు తీరక, బిడ్డ పెండ్లి కుదరక కలతచెందినవానికి పట్టుపరుపుమీదనైనను నిద్ర రాదు. అట్టివారు మూలికలను వెదకుట సహజము. వానిలో మేలెంత, కీడెంత యని విచారించుటకు సర్పగంధి కథను మించిన పాఠము లేదు.

పాతాళగంధి యనియు పేరుగల యీ మొక్క మోకాలెత్తు పొద. పూవులు తెల్లనివి, కాడలు ఎర్రనివి, వేరు మిక్కిలి చేదు. ఉన్మాదమునకును నిద్రలేమికిని దీని వేరు చిరకాలముగా వాడుకలో నున్నది. బీహారు ప్రాంతమున దీనిని పిచ్చిమందు అను నర్థము వచ్చునట్లే పిలిచెడివారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథసేన్, కార్తికచంద్రబోసుగార్లు ఈ వేరు చూర్ణము రక్తపుపోటును తగ్గించి ఉన్మాదులను శాంతింపజేయుచున్నదని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలుగారు రక్తపుపోటు రోగులపై దీనిని పరీక్షించి, ఆ ఫలితములను ఆంగ్లదేశపు హృద్రోగపత్రికలో వెల్లడించిరి. 1952లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున దీనినుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. 1954లో అమెరికా వైద్యుడు నాథన్ క్లైన్ దానిని మానసిక రోగులకిచ్చి గుణమును చూపెను. పల్లెవైద్యుని సంచిలోని వేరు ప్రపంచమునకెల్ల మందాయెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. నరముల నడుమ వార్తలు మోయు పదార్థములను రిసర్పిన్ హరించును. అందుచేతనే మనస్సు శాంతించును. అందుచేతనే కొందరికి తీవ్రమైన విషాదమును కలిగినట్లు వైద్యులు గమనించిరి. కొందరికి రక్తపుపోటు మితిమీరి పడిపోయెను. తరువాత వేరు మందులు రాగా దీని వాడుక మిక్కిలి తగ్గినది. కావున ఆకుమందు గనుక హాని లేదనుట పొరపాటు. గుణము చేయగలది కీడును చేయగలదు. సర్పగంధిని వైద్యుని యనుమతి లేక ఎవ్వరును పుచ్చుకొనరాదు; విషాదము గలవారును, గర్భవతులును దాని జోలికే పోరాదు.

రాయలసీమ మెట్టలలో పండు అశ్వగంధ, అనగా పెన్నేరుగడ్డ, కొంత సౌమ్యమైనది. చిన్న పరీక్షలలో ఆందోళనను తగ్గించి నిద్రకు కొంత తోడ్పడినట్లు తేలినది. అయినను అరుదుగా కాలేయమునకు చెరుపు కలిగినది. థైరాయిడ్ మందు వాడువారు వైద్యు నడుగవలెను, గర్భవతులు మానవలెను. జాజికాయ వంటలో చిటికెడు మంచిదే. నిద్రకని కాయలకు కాయలు నూరి త్రాగిన విషమగును.

మూలికకన్న ముందు నడవడి చక్కబడవలెను. దినమును ఒకే వేళకు మేల్కొనుట, మధ్యాహ్నము దాటిన పిదప కాఫీ టీలు మానుట, పగటినిద్రను కుదించుట, పడకయొద్ద సెల్‌ఫోను లేకుండుట ఖర్చులేని చికిత్సలు. నిద్ర రానప్పుడు పొర్లాడక లేచి కూర్చుండి, కునుకు వచ్చినప్పుడే పడకకు పోవలెను. సారాయి నిద్రను తెచ్చినట్లే తెచ్చి నడిరేయి దానిని చెరచును.

వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర చెడినను, గురకలో ఊపిరి ఆగుచున్నను వైద్యుని చూడవలెను. బ్రదుకుమీద విరక్తి పుట్టినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే సలహా లభించును.

దిగులును ఇరుగుపొరుగుతో చెప్పుకొనుట నామోషీ కాదు. సర్పగంధి వేరునకు పరీక్ష అవసరమైనట్లే విన్న ప్రతి చిట్కాకును పరీక్ష అవసరము. చదివి, అడిగి, తెలిసికొని మందు పుచ్చుకొను నలవాటు గ్రామమున పాదుకొన్ననాడు గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల సేవ ఫలించినట్లే.