లీడర్ అంటే ఏమిటో సంఘం నేర్పింది
(వార్షిక మహాజన సభలో, పదవీకాలం ముగుస్తున్న పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు మన కోశాధికారి చదివి వినిపించినారు. లెక్కల పుస్తకంలో రాయడానికి వీలుకాని సంగతులు రెండు మూడు చెప్పి మేము దిగిపోతాము.

మమ్మల్ని ఎన్నుకున్న రోజు ఊళ్లో అందరూ అన్న మాట, "ఇంకేం మ్మే, లీడర్లయినారు!" ఆ మాటలో కుర్చీ ఉంది, మర్యాద ఉంది. పని మాత్రం లేదు. పనేమిటో మాకు సంఘమే నేర్పింది. సంఘం ఖాతాలో రూపాయి తీయాలన్నా ఇద్దరు లీడర్ల సంతకాలు కావాల, వాటి వెనక సభ్యుల తీర్మానం ఉండాల. రేపు ఎవరైనా "డబ్బు ఏమాయ?" అని అడిగితే పుస్తకమే మన తరఫున మాట్లాడుతుంది. అందుకే మినిట్స్ పుస్తకం లీడర్ ఇంట్లో బీరువాలో ఉండే వస్తువు కాదు. మీటింగులో అందరి మధ్యా తెరిచి, చదువు రాని అక్కకు కూడా అర్థమయ్యేట్టు చదివి వినిపించాల.

ఇంకొకటి, పులివెందుల వైపు ఒక సంఘంలో జరిగింది. ఒక సభ్యురాలు 30,000 అప్పు తీసుకుని, నెలకు 1,500 చొప్పున ఎనిమిది కంతులు సరిగ్గా కట్టింది. ఆ మీదట మూడు నెలలు కట్టలేదు, మీటింగుకూ రాలేదు. "ఇంటి ముందర కూర్చుందాం, అప్పుడు కడుతుంది" అన్నారు కొందరు. ఆ సంఘం లీడర్ ఒప్పుకోలేదు. ఒక్కతే పోయి, "నువ్వు వచ్చి నీ నోటితో చెప్పు, నేను పక్కన కూర్చుంటా" అని పిలుచుకొచ్చింది. ఆమె చెప్పింది: "కాయ చెట్టుకే ఉండాది అక్కా, చీనీతోటకు కొనేవాళ్లు రాలేదు. కంతు యాడ నుంచి తెచ్చేది?" అందరూ ఆలోచించి, తోట అమ్ముడయ్యేదాకా ఆమె 750 కట్టేట్టు, మిగతా 750 సంఘం పొదుపులోంచి ఆమె పేర అప్పు రాసి బ్యాంకుకు కట్టేట్టు తీర్మానం చేసినారు. బ్యాంకు కంతు ఆగలేదు, ఆమె మానమూ పోలేదు.

2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చినాయి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. సాటి ఆడదాని వాకిట్లో మనమే అట్లా నిలబడితే, సంఘం పెట్టుకుని ఏం లాభం? అట్లని కంతు వదిలేస్తే తక్కిన తొమ్మిది మంది మునుగుతారు. ఈ రెండింటి నడుమ దారి వెతకడమే లీడర్ పని.

పదవి లేకుండా కూడా ముందు నడిచినవాళ్లు ఉన్నారు. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించినారు. రోశమ్మ పేరు అందరికీ తెలిసింది గానీ, ఊరి ఆడవాళ్లంతా కదిలితేనే అది జరిగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదే 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. ఈ రోజు మనం బ్యాంకులో ధైర్యంగా కూర్చుని మాట్లాడుతున్నామంటే ఆ దారి అప్పుడు పడిందే.

చివరగా ఒక మాట. లీడర్ ఊళ్లో లేని రోజు మీటింగు జరిగిందా, పొదుపు వసూలయిందా, పుస్తకం రాసినారా? జరిగితే ఆమె మంచి లీడర్. ఆగిపోతే, ఆమె ఎంత కష్టపడినా ఇంకొకరికి పని నేర్పలేదనే లెక్క.

వచ్చే నెల ఎన్నికలు ఉన్నాయి. "మాకు చదువు రాదు, మీరే ఉండండి" అనొద్దు. మీ సంఘంలో ఇంతవరకు నోరు తెరవని చెల్లెలు ఒకరు ఉంటుంది. ఈసారి ఆమె పేరు చెప్పండి. రాసేది పక్కన కూర్చుని మేము నేర్పిస్తాము. మేము పదవి దిగుతున్నాము గానీ, సంఘంలో సభ్యులుగానే ఉంటాము.